ముప్పాతిక మనిషి

నాలుగో బల్ల దగ్గర మబ్రూకా.
ఆమె వెనక నేను,
బొటనవేలి కింద స్టాప్‌వాచ్ పెట్టుకుని
గుటక కూడా వినపడకుండా.

కార్ల కడుపులో నరాల్లా పాకే వైర్లు:
ముప్ఫై ఒక్క తీగ, తొమ్మిది క్లిప్పులు, ఒక రబ్బరు తొడుగు.
బల్లకి యాభై రెండు సెకన్లు.
కింది డబ్బాలోంచి క్లిప్పు తీయడానికి
ఆమె రోజుకి ఐదొందల యాభై సార్లు వంగేది.
డబ్బాని పైకి తెచ్చాను.
అడుగున చెక్కముక్క పెట్టి
ముప్ఫై డిగ్రీలు ఆమె వైపు వాల్చాను.
మర్నాడు నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి
"నా నడుం నిన్ను దీవిస్తోంది బిడ్డా" అంది.
ఆ దీవెనని కాగితం మీద
రెండున్నర సెకన్లని రాసుకున్నాను.

అలా ఆరు బల్లల దగ్గరా
వంగడాలు, తిరగడాలు, చేయి చాచడాలు
బియ్యంలో రాళ్ళలా ఏరి పారేశాను.
సాయంత్రానికి లెక్క తేలింది.
ఆరుగురి పనికి ఐదుంపావు మంది చాలు.
ముప్పాతిక మనిషి మిగులు.

ముప్పాతిక మనిషిని ఇంటికి పంపడం ఎలా?
మేనేజరు నవ్వాడు, మంచివాడే,
"మిగతా పాతిక కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది సిహెమ్, వెతుకు" అన్నాడు.

వెతికాను.
పాతిక మనిషంటే పదమూడు సెకన్లు.
ఒకామె చెమట తుడుచుకోవడంలో రెండు,
ఇంకొకామె ఉంగరం తిప్పుకోవడంలో ఒకటి,
గోడ గడియారం వైపు చూపుల్లో కొన్ని
(గడియారాన్నే తీయించాను).
మబ్రూకా దగ్గర మాత్రం ఒక వింత.
కట్ట అందించే ముందు ప్రతిసారీ
పక్కనున్న దలెందా మోచేతిని తట్టేది,
ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు.
సెకనున్నర.
గళ్ళ కాగితంలో దానికో గడి ఉంది: అనవసర కదలిక.
ఇద్దరి మధ్యా రేకు అడ్డు పెట్టించాను.

పదమూడూ దొరికాయి.
ఒప్పందం ముందుగా తీరేది మబ్రూకాకి.
వెళ్తూ వెళ్తూ చేతితొడుగులు మడిచి
ఆ వాలు డబ్బాలోనే పెట్టింది,
తర్వాత వచ్చేవాళ్ళకి
వంగకుండానే అందేలా.

తొమ్మిదో రోజు నుంచి కట్టలు వెనక్కి రాసాగాయి.
ఎర్రతీగ ఉండాల్సిన చోట గోధుమరంగు తీగ.
దలెందా కళ్ళకి ఆ రెండూ ఒకటేనట, పుట్టినప్పట్నుంచీ.
ఒక తట్టు ఎరుపు.
రెండు తట్లు గోధుమ.
నాలుగేళ్ళు ఒకరి కళ్ళతో ఇద్దరు చూశారు,
జీతాల పట్టీలో ఆ అరువు ఎక్కడా లేదు.
"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.
"చేతిలో గడియారం పట్టుకున్నవాళ్ళకి ఏం చెబుతాం?" అంది దలెందా.
రంగులు చదివే కెమెరా కొన్నారు.
దాని ఖరీదు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో
అదీ నేనే లెక్క కట్టాను.

ఇవాళ బిజెర్త్ కాలువ మీద వంతెన లేచింది.
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనట్టు
తాపీగా ఒక ఓడ.
బస్సులు, లారీలు, పెళ్ళికారొకటి, అన్నీ ఆగిపోయాయి.
ఊరంతటికీ పని లేని ఇరవై నిమిషాలు.
వీటికి నా కాగితంలో గడి లేదు.
వంతెన మొదట్లో మడతబల్ల వెనక మబ్రూకా,
వేడి తబూనా రొట్టెలు అమ్ముతోంది.
బుట్ట అడుగున ఇటుక ముక్క.
తన వైపు వాల్చి ఉంది, ముప్ఫై డిగ్రీలు, అటూ ఇటూగా.
నడుం వంచకుండా తీయడం, చుట్టడం, చిల్లరివ్వడం.

తల తిప్పుకునేలోపే చూసింది.
బస్సు కిటికీ దాకా వచ్చి రొట్టె ఇచ్చింది,
డబ్బు సరిగ్గా లెక్కపెట్టి తీసుకుంది.
"పదకొండు సెకన్లు" అంది
నా బొటనవేలి వైపు చూస్తూ.
తర్వాత కిటికీలోంచి చెయ్యి చాచి
నా మోచేతి మీద తట్టింది.
ఒకసారో, రెండుసార్లో.
వంతెన దిగుతున్న మోతలో
లెక్క తప్పింది.